అలవాటైన దారి, కొత్త దారి

ఆదివారం తెల్లవారుజామున ఖమ్మంలో ఒక టీ కొట్టు ముందు ఇద్దరు మిత్రులు మోటారు సైకిళ్ళు ఆపుకొని నిలబడి ఉన్నారనుకొందాం. ఒకరు పెద్దవారు, హైస్కూలులో ఉపాధ్యాయులు. రెండవవాడు చిన్నవాడు, ఇంకా కాలేజీలో చదువుకొంటున్నాడు. సెలవు దొరికితే బండి మీద కొంత దూరం పోయి రావడం ఇద్దరికీ అలవాటు.

“మళ్ళా భద్రాచలం రోడ్డేనా, అన్నా? ఆ రోడ్డు మీద ఏ గుంట ఎక్కడుందో కండ్లు మూసుకొని చెప్తా” అన్నాడు చిన్నవాడు.

“కండ్లు మూసుకొని చెప్తావు కాబట్టే ఆ రోడ్డు మీద నీ వెంట రావాలంటే నాకు భయం” అన్నారు పెద్దవారు.

ఈ రెండు మాటలలోను ఒక శాస్త్ర విషయం దాగి ఉన్నది. తెలిసిన దారి మనకు ఎందుకు విసుగు పుట్టిస్తుంది? తెలియని దారి ఎందుకు రమ్మని పిలుస్తుంది? అన్ని విధాల తెలిసిన దారి క్షేమమైనది కావలసి ఉండగా, ఆ పెద్దమనిషి దానిని చూచి ఎందుకు భయపడినారు? ఈ ప్రశ్నలకు నేటి శాస్త్రజ్ఞులు చెప్పే సమాధానాలను క్రమంగా తెలుసుకొందాం.

మొదటిసారి – నూరవసారి

ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఇల్లెందు మీదుగా గాని, తల్లాడ మీదుగా గాని కొత్తగూడెం చేరవచ్చును. అక్కడి నుండి పాల్వంచ దాటితే గోదావరి ఒడ్డు. మిరప, పత్తి చేలతో మొదలైన దారి, బొగ్గు గనుల సీమను దాటి, టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి అంచులను ఒరుసుకొంటూ పోయి నది దగ్గర ఒక్కసారిగా తెరుచుకొంటుంది.

మొదటిసారి ఈ దారిన పోయినవానికి ప్రతి మలుపూ ఒక వార్తే. అదుగో బొగ్గు లారీ, ఇదుగో వాగు మీది చప్టా, అల్లదుగో గోదావరి వంతెన! ఇంటికి వచ్చి రెండు రోజులు దాని కథలే చెబుతాడు. అదే మనిషి నూరవసారి పోయి వచ్చినపుడు “దారిలో ఏమి చూచినావు?” అని అడగండి. “ఏమున్నది చూడడానికి?” అంటాడు. దారి మారలేదు. చెట్లూ వాగులూ ఎక్కడికీ పోలేదు. కనుక మారినది చూచేవాని మెదడే అయి ఉండాలి.

నత్త నేర్పే పాఠం

ఈ మార్పు మనిషికి మాత్రమే ప్రత్యేకం కాదు. చాలా చిన్న ప్రాణులలో కూడా ఇది కనబడుతుంది. వానకాలంలో బడి తోటలో దొరికే నత్తను ఒక చెక్క పలక మీద ఉంచండి. అది కొమ్ములు చాచి నడవసాగిన తరువాత పలకను వేలితో మెల్లగా తట్టండి. నత్త చటుక్కున కొమ్ములు ముడుచుకొంటుంది. మళ్ళీ చాచగానే అంతే బలంతో మళ్ళీ తట్టండి. ఇట్లా పదే పదే చేస్తే ముడుచుకోవడం కొంచెం కొంచెంగా తగ్గి, చివరకు నత్త ఆ తట్టును లెక్కచేయకుండా తన దారిన తాను పోతుంది.

అది అలసిపోయినదేమో అని విద్యార్థులు అడగవచ్చును. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఒక ఉపాయం ఉన్నది. ఇప్పుడు పలకను తట్టడం మాని, గడ్డిపోచతో నత్తను మృదువుగా తాకండి. వెంటనే ముడుచుకొంటుంది. కనుక అలసట కాదు. “ఈ తట్టు వలన నాకు నష్టమూ లేదు, లాభమూ లేదు” అని నేర్చుకొన్నది, అంతే. దీనినే శాస్త్రజ్ఞులు అలవాటుపడటం అంటారు. అభ్యసనాలన్నిటిలోను ఇది అతి సరళమైనది. ప్రయోగం ముగిసిన తరువాత నత్తను తోటలో విడిచిపెట్టి, చేతులు సబ్బుతో కడుగుకోవడం మరువకూడదు.

ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ఏప్లీసియా అనే సముద్రపు నత్తలో ఈ విషయాన్నే నాడీకణాల స్థాయిలో పరిశీలించినారు. దాని నాడీకణాలు చాలా పెద్దవి కావడం వలన వానిని ఒక్కొక్కటిగా పరీక్షించడం సాధ్యమైనది. ఒకే రకమైన స్పర్శ పలుమార్లు తగిలినప్పుడు, స్పర్శను గ్రహించే కణం తరువాతి కణానికి పంపే రసాయన పదార్థం క్రమంగా తగ్గిపోతుందని ఆయన కనుగొన్నారు. అనగా వార్త వస్తూనే ఉన్నది గాని, దానిని అందించే గొంతు తగ్గిపోతున్నది. జ్ఞాపకశక్తికి మూలమైన నాడీ మార్పులను గూర్చి చేసిన కృషికి కాండెల్‌కు 2000 సంవత్సరంలో, మరి ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి లభించింది.

భద్రాచలం దారిన పోయేవానిలో జరిగేది ఇంతకంటె చాలా క్లిష్టమైన వ్యవహారమే. అయినా దాని పునాది మాత్రం ఇదే. లాభనష్టాలు లేని పాత వార్త మీద మెదడు తన శక్తిని ఖర్చుపెట్టదు.

మెదడు గీసుకొనే నమూనా

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు అందరికీ తెలిసినవే. గదిలో ఏదైనా కొత్త చప్పుడు వినబడితే కుక్క తాను చేస్తున్న పని మాని, చెవులు రిక్కించి, తల అటు తిప్పడం ఆయన గమనించినారు. దీనికి ఆయన పెట్టిన పేరు ముచ్చటగా ఉంటుంది: “ఏమిటది?” ప్రతిచర్య. కొత్తది ఎదురైనప్పుడు మనం కూడ లోలోపల “ఏమిటది?” అని అడుగుతూనే ఉంటాం.

తరువాతి కాలంలో సొకొలోవ్ అనే మరొక రష్యా శాస్త్రవేత్త ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశోధించినారు. ఒకే శబ్దాన్ని పలుమార్లు వినిపిస్తే మెదడు దాని నమూనాను తయారు చేసికొంటుందని, వచ్చే ప్రతి శబ్దాన్నీ ఆ నమూనాతో పోల్చి చూస్తుందని, రెండూ సరిపోయినంత కాలం “ఏమిటది?” అనే ప్రశ్న లేవదని ఆయన సిద్ధాంతీకరించినారు. విశేషమేమంటే, క్రమంగా వస్తున్న శబ్దం హఠాత్తుగా రాకపోయినా ఆ ప్రశ్న లేస్తుంది. లేకపోవడం కూడ ఒక వార్తేనన్నమాట.

దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. పాల్వంచలోని పాత థర్మల్ విద్యుత్కేంద్రానికి చెందిన ఎత్తైన శీతలీకరణ గోపురాలు ఎనిమిది, కొన్ని దశాబ్దాల పాటు ఆ ఊరికి గుర్తుగా నిలిచి ఉండేవి. రోజూ ఆ దారిన పోయేవారు వానిని చూడటం ఎన్నడో మానివేసి ఉంటారు. కాలం తీరిన ఆ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేసినారు. మరునాడు ఆ దారిన పోయినవారికి ఆకాశంలోని ఆ ఖాళీ కొట్టవచ్చినట్లు కనబడి ఉండాలి. ఉన్నన్నాళ్ళూ కంటికి ఆనని గోపురాలు, లేకపోయిన రోజున కనబడినవి! వాని నమూనా మెదడులో భద్రంగా ఉన్నదనడానికి ఇంతకంటె ఏమి నిదర్శనం కావాలి?

కనుక నూరవసారి ఆ దారిన పోయేవాడు చూస్తున్నది చాలావరకు దారిని కాదు, తన తలలోని దారి నమూనాను. కన్ను కేవలం సరిచూచే గుమాస్తాగా మిగిలిపోతుంది.

విసుగు ఎందుకు పుడుతుంది?

పని తగ్గితే మెదడు సుఖపడవలసినది గదా, విసుగెందుకు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయోగం ఒకటి 1953లో వెలువడింది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో రాబర్ట్ బట్లర్ అనే పరిశోధకుడు కొన్ని కోతులను కిటికీ గల పెట్టెలో ఉంచినారు. కిటికీని తెరవాలంటే అవి ఒక చిన్న సమస్యను పరిష్కరించాలి. తెరిస్తే తిండి దొరకదు. బయట ఏమి జరుగుతున్నదో కొన్ని సెకనులు కనబడుతుంది, అంతే. ఆ కొద్దిపాటి చూపు కోసమే కోతులు గంటల తరబడి విసుగు లేకుండ పనిచేసినవి. ఆకలికి అన్నం ఎట్లాగో, మెదడుకు కొత్త వార్త అట్లాగే ఒక అవసరమని దీనివలన తేలింది.

అయితే కొత్తదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదని అర్థం కాదు. బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ప్రకటించిన గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించినారు. కొత్తదనం బొత్తిగా లేకపోతే విసుగు, మితిమీరితే భయం, మధ్యలో ఉన్నప్పుడు ఆనందం, జిజ్ఞాస. అందుకే మన చిన్నవాడు భద్రాచలం వద్దన్నాడే గాని, భాష తెలియని దేశంలో అర్ధరాత్రి ఒంటరిగా బండి నడపాలని కోరలేదు. “చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు దాకా పోదామా అన్నా?” అన్నాడు. తెలిసిన దారి చివర నుండి ఇంకొక మెట్టు ముందుకు! కొత్త దారి కోరిక సాధారణంగా ఇట్లాగే, తెలిసినదానిని ఆనుకొని పెరుగుతుంది.

ఎదురుచూచినది, దొరికినది

ఈ కోరిక వెనుక పనిచేసే రసాయన పదార్థాలలో డోపమిన్ ముఖ్యమైనది. దీనిని “ఆనంద రసాయనం” అని పత్రికలలో వ్రాయడం కద్దు గాని, అది పూర్తిగా సరి కాదు. వోల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాలు దీని అసలు స్వభావాన్ని బయటపెట్టినవి. కోతి నోటిలో అనుకోకుండా పండ్లరసపు చుక్క పడినప్పుడు దాని మెదడులోని డోపమిన్ కణాలు ఒక్కసారి చురుకుగా స్పందించినవి. తరువాత, ముందు ఒక దీపం వెలిగించి ఆ వెనుక రసం ఇవ్వసాగినారు. కొన్నాళ్ళకు ఆ కణాలు దీపం వెలిగినప్పుడే స్పందించి, రసం దొరికినప్పుడు ఊరకున్నవి! దీపం వెలిగి రసం రాకపోతేనో, సరిగా ఆ రావలసిన సమయానికి వాని చురుకు మామూలు కంటె తగ్గింది.

అనగా ఈ కణాలు కొలిచేది ఆనందాన్ని కాదు. ఎదురుచూచినదానికి, దొరికినదానికి మధ్య ఉన్న తేడాను. తేడా ఉంటేనే నేర్చుకోవలసినది ఏదో ఉన్నట్లు. ఈ దృష్టితో చూస్తే పాత దారిలో ప్రతి మలుపూ తరువాతి మలుపును ముందే చెప్పివేస్తుంది. గోదావరి వస్తుందని పాల్వంచలోనే తెలుసు. తేడా సున్న, కనుక వార్త సున్న. గోదావరి అందం తగ్గలేదు, అది ఆశ్చర్యపరచడం మాత్రమే మానింది.

తలలోని పటం

కొత్త దారి తొక్కడం వలన కలిగే లాభం సరదా ఒక్కటేనా? కాదు. 1930లో టోల్మన్, హాన్‌జిక్ అనేవారు ఎలుకలను చిక్కుదారుల పెట్టెలో కొన్ని రోజులు ఊరకే తిరగనిచ్చినారు. ఏ బహుమానమూ లేదు. చూచేవారికి అవి కాలం వృథా చేస్తున్నట్లే ఉన్నది. పదకొండవ రోజున దారి చివర తిండి పెట్టినారు. అంతే, ఒకటి రెండు రోజులలోనే ఆ ఎలుకలు మొదటి నుండి తిండి కోసం నేర్చుకొన్న ఎలుకలతో సమానమైనవి. ఊరకే తిరిగిన రోజులలోనే అవి దారుల పటాన్ని తలలో గీసుకొన్నవన్నమాట.

ఆ పటం మెదడులో ఎక్కడ ఉన్నదో 1971లో జాన్ ఓకీఫ్ కనుగొన్నారు. హిప్పోకాంపస్ అనే భాగంలోని కొన్ని కణాలు, ఎలుక ఒక నిర్ణీతమైన చోట ఉన్నప్పుడే స్పందిస్తాయి. మరొక చోటికి పోతే మరికొన్ని కణాలు. 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతుల ప్రయోగశాలలో, దూరాన్నీ దిక్కునూ కొలిచే గళ్ళ కాగితం వంటి మరొక కణవ్యవస్థ బయటపడింది. 2014లో ఈ ముగ్గురికీ నోబెల్ బహుమతి ఇచ్చినారు. లండన్ నగరంలో వేలకొలది వీధులను కంఠతా పట్టి పరీక్ష ఇవ్వవలసిన టాక్సీ డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులలో కంటె పెద్దదిగా ఉన్నదని ఎలినార్ మెగ్వైర్ బృందం 2000 సంవత్సరంలో ప్రకటించింది.

ఉపాధ్యాయులకు ఉపయోగపడే ఇంకొక ప్రయోగం 2013లో అర్జెంటీనా నుండి వచ్చింది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఒక కథ చదివి వినిపించినారు. దానికి గంట ముందో గంట తరువాతో కొందరు పిల్లలకు, కథతో సంబంధం లేని ఒక కొత్త రకం విజ్ఞాన పాఠం చెప్పినారు. మరునాడు చూస్తే ఆ పిల్లలకే కథ ఎక్కువగా గుర్తున్నది. అదే పాఠం వారికి ముందుగా తెలిసినదైతే ఈ మేలు కలుగలేదు. కొత్తదనం తాను గుర్తుండటమే గాక, తన ఇరుగుపొరుగును కూడ గుర్తుండేటట్లు చేస్తుందని దీని సారాంశం.

సెలవు రోజులు గుర్తు చేసికొన్నప్పుడు పొడుగ్గా, మామూలు రోజులు పొట్టిగా తోచడానికి కూడ కారణం ఇదేనని చెప్పవచ్చును. అనుభవాలతో నిండిన కాలం గడిచేటప్పుడు త్వరగా గడిచి, వెనుదిరిగి చూచుకొన్నప్పుడు దీర్ఘంగా తోస్తుందని విలియం జేమ్స్ 1890లోనే వ్రాసినారు.

అందరికీ ఒకే పాళ్ళలో ఉండదు

ఒకే ఇంటిలో పుట్టిన అన్నదమ్ములలో ఒకడు ఊరు కదలడు, ఇంకొకడు ఊళ్ళో నిలువడు. ఈ భేదం తేనెటీగలలో కూడ ఉన్నది. మేతకు పోయే ఈగలలో ఎక్కువభాగం తెలిసిన పూలకే మళ్ళీ మళ్ళీ పోతాయి. కొద్ది ఈగలు మాత్రం కొత్త పూలను వెదకడానికి బయలుదేరుతాయి. ఈ వేగు ఈగల మెదడులో, డోపమిన్ వంటి రసాయనాలకు సంబంధించిన జన్యువుల పని ఇతర ఈగలలో కంటె భిన్నంగా ఉన్నదని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో తెలిపినారు. అన్నీ వేగు ఈగలే అయితే తేనె చేరదు. ఒక్కటీ లేకపోతే పూలు వాడిన నాడు తుట్టె పస్తుంటుంది. పాతదానిని పట్టుకొనేవారు, కొత్తదానిని వెదకేవారు ఇద్దరూ సమాజానికి కావాలి.

మనుషులలో ఈ గుణాన్ని కొలవడానికి మార్విన్ జుకర్మన్ 1964లో ఒక ప్రశ్నావళిని తయారు చేసినారు. ఇది యౌవనారంభంలో పెరిగి, వయసు మళ్ళే కొలది తగ్గుతుందని తరువాతి పరిశోధనలు తెలుపుతున్నవి. కనుక మన టీ కొట్టు ముందు చిన్నవాడు కొత్త దారి అడగడం, పెద్దవారు ఆలోచించడం రెండూ ప్రకృతి సిద్ధమే.

పాత దారిలో పొంచి ఉన్న ప్రమాదం

ఇప్పుడు పెద్దవారి భయాన్ని పరిశీలిద్దాం. బాగా తెలిసిన నున్నని రోడ్డు మీద పోయేవాడు కొంతసేపటికి ఏదో లోకంలో ఉన్నట్లు బండి నడిపి, “ఈ ఊరు ఎప్పుడు దాటినాను?” అని తానే ఆశ్చర్యపోవడం చాలమందికి అనుభవమే. దీనిని రహదారి సమ్మోహనం అనవచ్చును. 1963లో విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని గూర్చి చర్చించినారు. చేతులు బండిని నడుపుతూనే ఉంటాయి. అవధానం మాత్రం ఇంట్లోనో ఆఫీసులోనో ఉంటుంది.

దీని ఫలితం లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. అడ్డం రావచ్చునని ఎదురుచూస్తున్నవానికి బ్రేకు తొక్కడానికి సుమారు 0.7 సెకను చాలును. ఆ లోపల బండి 12 మీటర్లు పోతుంది. ఏమాత్రం ఊహించనివానికి సుమారు 1.5 సెకనులు పడుతుంది; ఆ లోపల 25 మీటర్లు పోతుంది. బ్రేకు తొక్కిన తరువాత, సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే, ఆగడానికి మరొక 28 మీటర్లు కావాలి. కనుక మెలకువగా ఉన్నవాడు 40 మీటర్లలో ఆగితే, పరాకుగా ఉన్నవాడు 53 మీటర్లకు గాని ఆగలేడు. తేడా 13 మీటర్లు. పొదలో నుండి రోడ్డు మీదికి వచ్చిన గేదెకు, బడి పిల్లవానికి ఆ 13 మీటర్లే ప్రాణం. రోజూ ఆ చోట గేదె లేదు గనుక నమూనాలో కూడ గేదె లేదు. ఇదే పాత దారి చేసే మోసం.

కొత్త దారిలో పొంచి ఉన్న ప్రమాదం

కొత్త దారిలో కన్ను మేలుకొనే ఉంటుంది గాని, తలలో నమూనా ఉండదు. మారేడుమిల్లి ఘాటు వంటి చోట మలుపు ఎంత బిగువుగా ఉన్నదో అది తిరిగేదాకా తెలియదు. 20 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 10 మీటర్లతో తిరుగుతున్నామనుకొందాం. వేగ వర్గాన్ని వ్యాసార్ధం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే 0.51 వస్తుంది. టైరుకు రోడ్డుకు మధ్య కావలసిన ఘర్షణ గుణకం అంత. బండి సుమారు 27 డిగ్రీలు వంగుతుంది. పొడి తారు రోడ్డు ఇచ్చే గుణకం 0.7 లేక 0.8 కనుక క్షేమమే. అదే మలుపును 54 కిలోమీటర్ల వేగంతో తిరిగితే? వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. కావలసిన గుణకం మాత్రం రెండుంబావు రెట్లు పెరిగి 1.15 అవుతుంది. ఆ రోడ్డు అంత ఇవ్వజాలదు. ఇక మలుపులో ఇసుక, రాలిన ఆకులు, వాన తడి ఉంటే చెప్పనవసరం లేదు. కొత్త మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

వానకాలంలో ఈ అడవి ప్రాంతపు వాగులు చూస్తూ ఉండగానే చప్టాల మీదికి వస్తాయి. నీరు మోకాలి లోతే కదా అని బండి దింపినవానిని కొట్టుకొనిపోయే బలం పారే నీటికి ఉన్నది. నీటి కింద చప్టా ఉన్నదో కోసుకొనిపోయినదో కూడ తెలియదు. ఇక్కడ కొత్తదనం మీది మోజు ఏ మాత్రం పనికిరాదు. ఒడ్డున ఆగిపోవడమే తెలివి.

అడవికి కూడ ఒక హద్దు ఉన్నది. పాల్వంచకు సమీపంలోని కిన్నెరసాని అభయారణ్యం 1977లో ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం గుండా పోయే ప్రజారహదారిపై ఎవరైనా ప్రయాణించవచ్చును గాని, రోడ్డు దిగి అనుమతి లేకుండ లోపలికి పోరాదు. “ఎవరూ పోని బాట” అని మనం మురిసే బాట దుప్పులకు, అడవి దున్నలకు నీటికి పోయే దారి కావచ్చును. అడవిలోని ప్రాణులకు మన బండి చప్పుడు కూడ ఒక “ఏమిటది?”యే. అయితే వానికి అది జిజ్ఞాస కాదు, భయం.

పాత దారినే కొత్తగా

వారం వారం కొత్త దారి దొరకదు. పెట్రోలుకు డబ్బూ దొరకదు. మరి ఉపాయమేమి? దారి మార్చలేనప్పుడు ప్రశ్న మార్చవచ్చును. నమూనాలో లేనిదానిని అడిగితే మెదడు మళ్ళీ మేలుకొంటుంది.

1979లో నికర్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు అమెరికనులను తమ దేశపు సెంటు నాణెం బొమ్మ గీయమన్నారు. రోజూ చేతిలో ఆడే నాణెమే అయినా సరిగా గీయగలిగినవారు చాలా అరుదు. మీరు మీ తరగతిలో పది రూపాయల నాణెంతో ఇది చేసి చూడండి. తరువాత ప్రతి విద్యార్థినీ ఇంటి నుండి బడికి వచ్చే దారి పటం, చూడకుండ గీయమనండి. మరునాడు ఆ పటం చేతబట్టుకొని అదే దారిన నడిచి వచ్చి, వదిలిపెట్టినవన్నీ ఎర్ర సిరాతో చేర్చమనండి. ఏ చెట్లు ఉన్నవి? వాన నీరు ఎటు పారుతుంది? ఏ మలుపు దగ్గర ఎదుటి బండి కనబడదు? ఎర్ర సిరా ఎంత ఎక్కువైతే, అలవాటు మన కంటి నుండి అంత దాచినదన్నమాట. అందులో బండ్లు కనబడని మలుపులను పెద్దవారికి చూపండి. ఈ పటం ఒక ప్రాణాన్ని కాపాడినా కాపాడవచ్చును.

భద్రాచలం దారి నిజంగా ఒకే దారి కాదు. ఎండలు ముదరక ముందు మోదుగ పూలతో ఎర్రబడుతుంది. ఆ తరువాత తెల్లవారేసరికి ఇప్ప చెట్ల కింద పూలు రాలి ఉంటాయి. ఎండాకాలంలో తునికి ఆకు కోత సాగుతుంది. మోడులై నిలిచిన టేకులు వానలు పడగానే చేటలంత ఆకులు తొడిగి, తెల్లని పూగుత్తులెత్తుతాయి. చెట్టు పేరు తెలియనివానికి ఇదంతా “అడవి” అనే ఒక్క మాట. తెలిసినవానికి ప్రతి నెలా ఒక కొత్త దారి. జ్ఞానం పెరిగితే నమూనా సూక్ష్మమవుతుంది; నమూనా సూక్ష్మమైతే చిన్న తేడా కూడ వార్త అవుతుంది.

మన మిత్రుల మాటకు వద్దాం. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకొని చింతూరు దారి పట్టినారనుకొందాం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఆ మండలంలో ఒక కోయ గూడెం దగ్గర, పుస్తకాల సంచి భుజాన వేసికొని నడుస్తున్న ఒక బాలిక ఎదురైంది. ఆదివారం గనుక ట్యూషనుకు పోతున్నదేమో. మిత్రులకు ఆ దారి అపూర్వం, కన్నార్పకుండ చూస్తున్నారు. ఆమెకు అది రోజూ తొక్కే దారి. తలవంచుకొని ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నది. ఆ దారిన మోటారు సైకిలు రావచ్చునని ఆమె నమూనాలో ఉన్నదో లేదో!

పెద్దవారు వేగం తగ్గించినారు. చిన్నవాడు కూడ తగ్గించినాడు. కొత్తదనం దారిలో ఉండదు, దారికీ దానిని చూచేవానికీ మధ్య ఉంటుంది. మనకు కొత్తదైన ప్రతి దారీ మరొకరికి పాతదేనని, వారి పరాకుకు కూడ మన మెలకువే రక్షణ అని గుర్తుంచుకొన్నవాడు ఏ దారిన పోయినా క్షేమంగా తిరిగివస్తాడు.